జనగామ నుండి భూపాలపల్లి దాకా: అమెరికా చదువుల దారి



మన పల్లె సంఘాలలో ఆదివారము ఆరాధన ముగిసి, అందరూ చెట్టు నీడన నిలబడి మాట్లాడుకునే వేళ, ఈ మధ్య తరచుగా వినబడే మాట అమెరికా చదువు. ఎవరి కుమారుడు వెళ్లాడు, ఎవరు ఎన్ని లక్షల అప్పు చేశారు, ఎవరికి వీసా రాలేదు - ఇవే సంగతులు. అసలు ఆ దారి ఎటు పోతుంది, మనవంటి కుటుంబాలకు అందులో చోటు ఉన్నదా అని తెలుసుకునేందుకు మా సంఘ యువజన బృందము నుండి నలుగురము బయలుదేరాము. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి - ఈ మూడు ఊళ్లు మేము చూడదలచినవి. మూడూ ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఒకటి హైదరాబాదు రహదారి మీది సంత ఊరు, ఒకటి మిర్చి పండే ఊరు, ఒకటి బొగ్గు తవ్వే ఊరు. కాని మూడు ఊళ్లలోనూ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా పిల్లలకు కూడా అయితదా సార్?"

జనగామలో

హైదరాబాదు నుండి వచ్చేవారికి జనగామకు ముందు పెంబర్తి తగులుతుంది. ఇత్తడి రేకుల మీద బొమ్మలు తీర్చే పనివారి ఊరు. రేకును వెనుక నుండి మెల్లమెల్లగా కొట్టి ముందు వైపు రూపము తెస్తారు. ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు. అక్కడ కొంతసేపు నిలిచి చూసి, జనగామ చేరాము.

ఊరిలో ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. ఇంటర్మీడియెట్‌లో ఎన్ని మార్కులు, ఎప్‌సెట్‌లో ఎంత ర్యాంకు - మన పిల్లల విలువంతా ఆ అంకెలలోనే కొలుస్తున్నాము. కాని అమెరికాలోని పేరున్న కళాశాలలు ఇంటర్ పూర్తయిన పిల్లవాణ్ణి తీసుకునే పద్ధతి వేరు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ వంటివి ఒక్క పరీక్ష ర్యాంకును చూసి సీటు ఇవ్వవు. తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు, అనగా నాలుగేళ్ల మార్కులు చూస్తాయి. పాఠము చెప్పిన ఉపాధ్యాయుల ఉత్తరాలు అడుగుతాయి. పిల్లవాడు తన గురించి తానే రాసుకున్న వ్యాసము చదువుతాయి. వీటిలో చాలా కళాశాలలు ఎస్ఏటీ అనే పరీక్షను కూడా అడుగుతున్నాయి. మొత్తము 1600 మార్కులు, కంప్యూటరు మీద రెండు గంటల 14 నిమిషాలు. కరోనా కాలములో ఈ పరీక్షను పక్కన పెట్టిన కళాశాలలలో ఎంఐటీ 2022లో తిరిగి తెచ్చింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ తిరిగి తెస్తున్నట్లు ప్రకటించాయి.

దరఖాస్తు ఎక్కువగా 'కామన్ అప్లికేషన్' అనే ఒక్క పత్రము ద్వారానే జరుగుతుంది. 1975లో 15 కళాశాలలు కలిసి మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఈనాడు వేయికి పైగా కళాశాలలు దీనిని తీసుకుంటున్నాయి. ఎంఐటీకి మాత్రము వేరే పత్రము ఉన్నది. ప్రధాన వ్యాసము 650 మాటలు మించరాదు. బడి బయట చేసిన పనులు పది వరకు రాయవచ్చు. ఈ పనుల పట్టికను మేము శ్రద్ధగా చూశాము. అందులో ఆటలు, పాటలతో పాటు 'కుటుంబ బాధ్యతలు', 'జీతానికి చేసిన పని', 'మతపరమైన సేవ' అనే గడులు కూడా ఉన్నాయి. అనగా సెలవు దినాలలో మిరప ఏరిన పిల్ల, తల్లి కూలికి పోతే తమ్ముణ్ణి పెంచిన పిల్ల, ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పిన పిల్లవాడు - ఆ సంగతిని దాచనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు. ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు. మన ఎప్‌సెట్ కాగితములో ఆ పనికి గడి లేదు.

ఇక్కడ ఒక కళాశాలలో పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక అబ్బాయి అడిగాడు: "అయితే ఇంగ్లీషు దేశపు పిల్లలకు ఇది సులువే కదా సార్?" కాదు. బ్రిటన్ పిల్లలకు కూడా ఇది కొత్త దారే. వారి దేశములో యూకాస్ అనే సంస్థ ద్వారా అయిదు కోర్సుల వరకు దరఖాస్తు చేస్తారు. ఏ విషయము చదవాలో ముందే తేల్చుకొని, ఆ విషయము మీద తమకు ఎంత ఆసక్తి ఉన్నదో రాస్తారు. అమెరికా కళాశాలలేమో విషయము కంటె ముందు మనిషిని అడుగుతాయి. చాలా చోట్ల ప్రధాన విషయమును రెండవ సంవత్సరము చివరకు తేల్చుకుంటే చాలు. ఈ తేడా వల్ల బ్రిటన్ సర్కారు బడుల పిల్లలు తడబడుతున్నారని, అక్కడి సట్టన్ ట్రస్టు, ఫుల్‌బ్రైట్ కమిషన్ కలిసి 2012 నుండి తక్కువ ఆదాయపు కుటుంబాల పిల్లల కోసము ఒక కార్యక్రమము నడుపుతున్నాయి. వారిని అమెరికా తీసుకుపోయి కళాశాలలు చూపించి, దరఖాస్తులో తోడ్పడతాయి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలకే చేయి పట్టి నడిపించేవారు కావలసి వచ్చినప్పుడు, జనగామ పిల్లవాడు ఒంటరిగా తడబడితే అది అతని తెలివితక్కువ కాదు.

జనగామ విడిచే ముందు మరొక మాట. ఈ జిల్లాలోని పాలకుర్తి చాకలి ఐలమ్మ ఊరు. 1940వ దశకములో విసునూరు దేశ్‌ముఖ్ గుంజుకోబోయిన తన కౌలు పొలమును, దాని పంటను ఆమె విడవలేదు. ఎకరము భూమి అంటే ఈ నేల మీద ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. అటువంటి భూమిని ఇప్పుడు పిల్లల చదువు కోసము అమ్ముతున్నారు. అమ్మడము తప్పని మేము అనడము లేదు. దేని కోసము అమ్ముతున్నామో తెలిసి అమ్మాలి.

మానుకోటలో, డోర్నకల్‌లో

జనగామలో రైలెక్కి కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం మీదుగా మహబూబాబాద్ చేరాము. ఊరివారి నోట అది ఇప్పటికీ మానుకోటే. చుట్టూ లంబాడీ తండాలు, మిర్చి చేలు, పత్తి చేలు.

ఒక తండాలో ఒక తల్లి మాకు మంచము వాల్చి కూర్చోబెట్టి తన బాధ చెప్పింది. పెద్దకొడుకు బీటెక్ అయిపోయింది. పట్నములోని ఒక కన్సల్టెన్సీవారు నెలరోజులలో సీటు తెప్పిస్తామన్నారట. "పరీక్ష కూడ అక్కరలేదన్నరు అయ్యగారూ. రెండెకరాలు కుదువ పెడితే సాలన్నరు" అన్నది. ఏ యూనివర్సిటీ అని అడిగితే పేరు తెలియదు. కొడుకుకు కూడా సరిగా తెలియదు.

ఈ మాట విన్న తరువాత మా మనస్సులకు వచ్చినవి రెండు సంఘటనలు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అందులోని వేయికి పైగా విద్యార్థులలో ఎక్కువమంది భారతీయులు, వారిలోనూ అనేకులు తెలుగువారు. కొందరి కాళ్లకు జాడ తెలిపే పట్టీలు కట్టారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. రెండవది, మిషిగన్ రాష్ట్రములోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దానిలో తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి కళాశాల అది. 2019 జనవరిలో మొదట పట్టుబడిన సుమారు 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే. తెలిసి చేరినవారెందరో, తెలియక చేరినవారెందరో గాని, ఇక్కడ తల్లిదండ్రులు చేసిన అప్పు మాత్రము నిజమైన అప్పు.

మానుకోట నుండి కొద్ది దూరములోనే డోర్నకల్ జంక్షన్. సింగరేణి బొగ్గు కోసము వేసిన రైలుమార్గము ఇక్కడే విడిపోతుంది. మనవారిలో డోర్నకల్ పేరు తెలియనివారుండరు. తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్య తెలుగు నేర్చుకొని ఈ ప్రాంతానికి వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయినది. మన దేశపు మండపపు స్తంభాలు, మసీదు గుమ్మటాల వంటి గుమ్మటాలు, సిలువ - అన్నీ ఒక్క కట్టడములో కలిసి ఉన్నాయి. ఆ దేవాలయపు నీడలో మేము చాలాసేపు కూర్చున్నాము.

అక్కడ మాలో ఒకరు గుర్తు చేసిన సంగతి ఇది. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని డిగ్రీ తీసుకోకుండానే బయటకు వచ్చారు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష కాగితము చెప్పలేని సంగతిని ఆయన చేసిన పని చెప్పింది. ఈ మాట చదువును తక్కువ చేయడానికి చెప్పడము లేదు. డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలలో అక్షరము ఎరుగని కూలి కుటుంబాల పిల్లలను బడికి తెచ్చినవారిలో ఆయన ముందున్నవారు. మనిషిని ఒక్క అంకెతో కొలవలేమనడానికి మనకు దూరపు సాక్ష్యము అక్కరలేదని మాత్రమే చెబుతున్నాము.

అయితే ఇందులో ఒక ప్రమాదము కూడా ఉన్నది. మనిషిని చూసి సీటు ఇస్తారంటే, మనిషిని కల్పించి చూపించేవారు పుట్టుకొస్తారు. వ్యాసము డబ్బుకు రాసిపెట్టేవారున్నారు. ఉపాధ్యాయుని సంతకమును తామే పెట్టేవారున్నారు. 2024లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని లీహై యూనివర్సిటీలో ఒక భారతీయ విద్యార్థి పట్టుబడ్డాడు. బ్రతికి ఉన్న తండ్రిని చనిపోయినట్టు చూపి, దొంగ మార్కుల పత్రాలు పెట్టి, సీటు, పూర్తి ఉపకారవేతనము రెండూ సంపాదించాడు. నేరము ఒప్పుకొని దేశానికి తిరిగి రావలసి వచ్చింది. అబద్ధముతో తెరిచిన తలుపు లోపలి నుండి కూడా మూసుకుంటుంది. నిజముగా మిరప ఏరిన పిల్లకు కట్టుకథ దేనికి?

భూపాలపల్లిలో

వెనుకకు హన్మకొండ వచ్చి, బస్సెక్కి పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లి చేరాము. ఈ జిల్లాకు ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారి పేరు పెట్టారు. చదువు చెప్పిన మనిషి పేరు జిల్లాకు పెట్టడము మాకు సంతోషము కలిగించింది. చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము ఉన్నది. రెండు దశలు కలిపి 1100 మెగావాట్లు. దానికి కావలసిన బొగ్గు సింగరేణి గనులలోది. సాయంత్రము షిఫ్టు దిగి వచ్చిన కార్మికులతో మాట్లాడాము. ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: "అన్నీ బాగనే చెప్తున్నరు. పైసల సంగతి చెప్పుండ్రి."

కాబట్టి పైసల సంగతి చెబుతాము. ఈ ప్రయాణములో మేము తెలుసుకున్న అసలు విషయము ఇదే.

పేరున్న కళాశాలలలో ఒక సంవత్సరపు ఖర్చు, ఫీజు, వసతి, తిండి కలిపి, దాదాపు 90 వేల డాలర్లు. మన రూపాయలలో డెబ్బయి అయిదు లక్షలకు తక్కువ కాదు. ఈ అంకె విని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగవద్దు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ - ఈ కళాశాలలు విదేశీ పిల్లల విషయములో కూడా, సీటు ఇచ్చేటప్పుడు 'వీరు డబ్బు కట్టగలరా' అని చూడవు. సీటు ఇచ్చిన తరువాత కుటుంబము కట్టలేని మొత్తమంతా తామే భరిస్తాయి. డార్ట్‌మత్ 2022లో, బ్రౌన్ 2025లో చేరే పిల్లల నుండి ఈ వరుసలోకి వచ్చాయి. 2025-26 విద్యా సంవత్సరము నుండి హార్వర్డ్‌లో ఏడాదికి లక్ష డాలర్లలోపు ఆదాయము గల కుటుంబాలు ఏమీ కట్టనక్కరలేదు. ఫీజు, గది, తిండి, ఆరోగ్య బీమా, ప్రయాణపు ఖర్చు - అన్నీ కళాశాలే భరిస్తుంది. మొదటి ఏడు చలికోటు వంటివి కొనుక్కోవడానికి రెండు వేల డాలర్లు చేతికిస్తుంది. మన పల్లె కుటుంబపు ఆదాయమును డాలర్లలోకి మారిస్తే ఏడాదికి మూడు నాలుగు వేలు కూడా కావడము కష్టము.

అంటే సంగతి తిరగబడి ఉన్నది. చేరడము కష్టమైన కళాశాలే పేదవానికి చవక. ఎవరినైనా చేర్చుకునే కళాశాల భూమిని మింగుతుంది. పరీక్ష అక్కరలేదు, నెలరోజులలో సీటు అని చెప్పినవారే ఎక్కువ ఖరీదు వసూలు చేస్తారు.

మరి మన పిల్లలు ఆ కష్టమైన తలుపు ఎందుకు తట్టడము లేదు? అటువంటి తలుపు ఉన్నదని తెలియకపోవడమే మొదటి కారణము. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఏ దేశము నుండీ అంతమంది లేరు. కాని వారిలో డిగ్రీ మొదటి మెట్టులో చేరినవారు సుమారు 36 వేలమందే. దాదాపు రెండు లక్షలమంది బీటెక్ తరువాత ఎంఎస్ వంటి పై చదువులకు వెళ్లినవారు. పై చదువులకు, డాక్టరేటు తప్ప, ఇటువంటి పూర్తి సహాయము అరుదు. ఆ మెట్టులో ఆదుకోవడానికి తెలంగాణ ప్రభుత్వపు పథకాలు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరిట ఒకటి, క్రైస్తవులతో సహా మైనారిటీలకు మరొకటి. వీటి కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఇవి పీజీ, డాక్టరేటు చదువులకే. ఆదాయపు పరిమితి, మార్కుల నియమాలు ఉన్నాయి. దరఖాస్తుకు ముందు జిల్లా సంక్షేమ కార్యాలయములో కనుక్కోవాలి.

భ్రమ కూడా పెట్టుకోవద్దు. ఆ పేరున్న కళాశాలలు దరఖాస్తు చేసినవారిలో నూటికి నలుగురైదుగురినే తీసుకుంటాయి. విదేశీయుల విషయములో ఇంకా తక్కువ. కనుక ఇక్కడి ఎప్‌సెట్, ఇక్కడి డిగ్రీ దారి విడిచిపెట్టి దీని వెంట పడకూడదు. సీటు వచ్చినా ఇల్లలకగానే పండుగ కాదు, వీసా రావాలి. 2025 మే చివరలో అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త తేదీలు ఇవ్వడము మూడు వారాలు ఆపివేసింది. జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు సామాజిక మాధ్యమాలలోని ఖాతాలు తెరిచి చూపాలన్న నియమము పెట్టింది. అటువంటి మార్పులు వస్తూ ఉంటాయి. అయితే కళాశాలే ఖర్చు భరిస్తున్నప్పుడు ఆ సంగతి ఐ-20 పత్రములోనే రాసి ఉంటుంది. అప్పుడు బ్యాంకులో లేని డబ్బును ఉన్నట్టు చూపడానికి ఎవరి దగ్గరకూ పోనవసరము లేదు.

మన ఇళ్లలో చేయగలిగినది

మేము కలిసిన ఉపాధ్యాయుల మాటలు, మేము తెలుసుకున్నవి కలిపి, తల్లిదండ్రులకు కొన్ని సూచనలు చేస్తున్నాము.

తొమ్మిదవ తరగతి నుండే మార్కుల పత్రాలన్నీ ఒక సంచిలో భద్రపరచండి. పిల్ల పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాలలో ఒకే విధముగా ఉన్నాయా చూడండి. లేకుంటే ఇప్పుడే సరిచేయించండి. ఆదాయ ధ్రువపత్రము మీసేవలో తీసుకోండి. కౌలు ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత అన్నది నిజముగా చెప్పండి. ఎక్కువ చేసి చెప్పినా, తక్కువ చేసి చెప్పినా నష్టము పిల్లకే.

పిల్లలు రోజూ ఇంగ్లీషులో ఒక పేజీ చదవాలి, నాలుగు వాక్యాలు తమంతట తాము రాయాలి. వ్యాసము రాసే రోజు వచ్చినప్పుడు ఆ అలవాటే పనికి వస్తుంది. దరఖాస్తుల గడువు ఎక్కువ చోట్ల జనవరి మొదటి వారములోనే ముగుస్తుంది. ఇంటర్ రెండవ సంవత్సరము సంక్రాంతికి ముందే అన్నమాట. కనుక దసరా సెలవులకే పని మొదలు కావాలి. దరఖాస్తు రుసుము కట్టలేనివారు మాఫీ అడగవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ తోడ్పాటుతో నడిచే ఎడ్యుకేషన్ యూఎస్ఏ వారు రుసుము లేకుండా సలహా ఇస్తారు. ఏ కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందైనా వారినడగండి.

ఉపాధ్యాయులకు, సంఘ కాపరులకు ఒక మనవి. మీరు ఎరిగిన పిల్ల గురించి ఉత్తరము రాయమని అడిగితే 'మంచి అమ్మాయి, తెలివైనది' అని రెండు ముక్కలు రాసి పంపకండి. ఆ పిల్ల ఏమి చేయగా మీరు చూశారో రాయండి. కరెంటు లేని రాత్రి ఎవరికి లెక్కలు నేర్పినది, ఎవరికోసము బడి మానవలసి వచ్చినది, మళ్లీ ఎట్లా అందుకున్నది - అది రాయండి. మీరు కన్నులారా చూసినది మరెవరూ రాయలేరు.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకునే ఉపమానము మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్క చూసుకోవడమే ఈ ప్రయాణములో మేము చేసినది. మానుకోట తండాలోని ఆ తల్లికి మేము చెప్పిన మాటే మీకూ చెబుతున్నాము. యూనివర్సిటీ పేరు తెలియకుండా పట్టా పుస్తకము ఎవరి చేతికీ ఇవ్వకండి. చిన్న కూతురు గురుకులములో తొమ్మిదిలో ఉన్నదని ఆమె చెప్పింది. ఆ పిల్లకు ఇంకా మూడేళ్ల సమయము ఉన్నది. మీ ఇంట్లో కూడా తొమ్మిదవ తరగతి పిల్ల ఉంటే, ఈ పేజీ ఆమె చేతికివ్వండి.